మంద దిగని నాలుగో మూల

మంద ఆయప్ప పోయినాడు. అంచెట్టి నుంచి ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను రాగిముద్ద గట్టిగా ఉందని కోడలితో పోట్లాడుతున్నాను. "రెండు దినాలు జ్వరమమ్మా. మూడో దినం లేడు" అన్నింది ఆమె. పోట్లాట సగంలోనే వదిలేసి లేచినాను. నన్నెరిగినవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

ఏటా కోతలైనాక ఆయన గొర్రెల్ని తోలుకొని కొండల నుంచి మా కెలవరపల్లి పక్కకు దిగేవాడు. ఖాళీ చేలో గూటాలు కొట్టి, వల చుట్టి, మందను అందులో నిలిపేవాడు. గొర్రెలు పడుకొని లేచిన చోట పెంటికలూ ఉచ్చా మన్నులో కలిసి, వచ్చే పైరుకు బలమయ్యేవి.

మా చేనికి ఆ వైద్యం కావలసి వచ్చింది నా తెలివి వల్లే. ముప్పై ఏళ్ళు పిల్లల చేత గీతల పుస్తకాల్లో రాయించిన దాన్ని, వంకర చూస్తే ఓర్వలేను. రిటైరైనాక, మెట్లుమెట్లుగా ఉన్న మా ఎకరన్నర కూడా దిద్దని నోటుబుక్కులా కనిపించింది. జేసీబీని పిలిపించి నల్లబల్లలాగా చదును చేయించినాను. తాతల నాటి పైమన్నంతా అడుగుకు పోయి, అడుగున ఉన్న గరుసు పైకొచ్చింది. ఆ ఏడు రాగి జానెడు లేవలేదు. మరుసటేడు యూరియా దండిగా చల్లితే, పచ్చగా పెరిగి కంకి పట్టకుండానే వాలిపోయింది.

ఆయప్ప వచ్చి చేతికర్రను నేలలో పొడిచినాడు. టక్కుమన్నింది.

"టీచరమ్మా, అన్నం గిన్నె బోర్లించి మాడును పైకి తెచ్చినావే!"

"చూసేదానికి బాగుంది కదప్పా."

"బాగుంది. లేఅవుట్ వాళ్ళు చూస్తే ఇంకా బాగుందంటారు."

నా మాటకు మాట చెప్పిన మొగవాళ్ళు ఇద్దరే. ఒకరు మా ఆయన, పదేళ్ళ కిందటే పోయినాడు. రెండో మనిషి ఈయన.

"ఇది ఒక ఏటి మందతో లేచే నేల కాదమ్మా" అన్నాడు. మేసే బీళ్ళన్నీ ప్లాట్లయి ఆయన మంద కూడా సగమై ఉండింది. "ఏటికొక మూల. ఎండాకాలమంతా ఆ మూలనే నిలుపుతా. తొందరుంటే ఇంకో జేసీబీని పిలుచుకో."

కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. గట్టు మీదే కూర్చొని అంబలి తాగేవాడు, మొదటి గుక్క కుక్కకు. యూరియా మూట చూస్తే మొహం చిట్లించి, "అది నేలకు కాఫీ. లేపుతుంది, కడుపు నింపదు" అనేవాడు. మంద లేచిపోయినాక ఉలవలు చల్లమనేవాడు. "ఎండలో నీ నెత్తి మండితే గొడుగు పడతావే, నేలకొద్దా?"

మూడేళ్ళకు మూడు మూలలు మెత్తబడినాయి. ఇప్పుడు నా గొడుగు మొన పొడిస్తే జానెడు దిగుతుంది. నాలుగో మూలలో మాత్రం పోయిన నెలే మొన వంగింది.

ఆ మూల మీదే నా పందెం. హోసూరు కంపెనీలో పని చేసే మా పెద్దోడు, "అమ్మా, చుట్టూ అందరూ ప్లాట్లకు ఇచ్చేసినారు. మనదొక్కటే ముసలి నోట్లో పన్నులాగా మిగిలింది" అన్నాడు. "ఊడేదాకా నములుతాలే" అన్నాను. అని ఊరుకోవచ్చు కదా! "నాలుగో మూల కూడా వచ్చే పైరుకు పండకపోతే నువ్వు చూపిన చోట సంతకం పెడతా" అని కూడా అనేసినాను. జన్మంతా పరీక్షలు పెట్టిన దాన్ని, ఇప్పుడు రాయాల్సిన దాన్నయినాను.

పోయిన ఎండాకాలం పోతాపోతా ఆయప్ప ఆ మూలలో నాలుగు గూటాలు కొట్టినాడు. "ఇవి పెరకొద్దమ్మా. వచ్చే ఏడు దిగేది ఈడనే." దున్నేటప్పుడు ట్రాక్టరాయన గొణుగుతా వాటిని చుట్టి పోతాడు.

పలకరించేదానికి అంచెట్టి పోయినాను. దొడ్లో మంద అట్లే ఉంది. "మందను అమ్మేయలేదమ్మా, నేనే తోలుకొస్తా" అన్నింది ఆయన భార్య. "దోవే తెలీదు. ఏటా ఒక చోట గోడ లేస్తుంది, ఆయన ఇంకో పక్క తిప్పుకొని పోయేవాడు. యాడ తిప్పేవాడో మాకెవరికీ చెప్పలేదు."

ఆ దినం నుంచి నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. తెల్లారితే గొడుగూ నోటుబుక్కూ పట్టుకొని బస్సెక్కి, ఆయన నడిచిన వైపంతా తిరుగుతున్నాను. యాడ కంచె, యాడ సందు, యాడ నీళ్ళు తాపుకోవచ్చు, అన్నీ గీస్తున్నాను. ఇంత వంకర గీత నా చేత్తో ఎప్పుడూ గీయలేదు. "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగినాడు పెద్దోడు. "పరీక్షకు చదువుకుంటున్నా" అన్నాను.

నిన్న మా చేనికి మైలు దూరంలో కొత్త గోడ అడ్డమొచ్చింది. గోడకూ పక్క కంచెకూ నడుమ ఒక సందుంది. మనిషినైతే పోగలను, గొర్రెల సంగతే తెలీలేదు. చుట్టూ చూసి, ఎవరూ లేరనుకొని, గొడుగును ఆ సందులో అడ్డంగా పెట్టినాను.

గొడుగు పట్టింది. గొర్రె కూడా పడుతుంది. ఎండలు ముదిరేదాకా ఆ గోడ ఇంకో మూర జరగకుండా ఉంటే.