మొక్కు జుట్టు

కంభం చెరువులో ఒక చేప నన్ను వీపున మోసుకుని నడిమి దాకా తీసుకుపోయిందని ఏళ్ల తరబడి ఊళ్లో చెబుతున్నాను. నమ్మినవాళ్లు లేరు. దేవత పేరు కలిపితే మాత్రం ఏదైనా నమ్ముతారు. తమ్ముడి బిడ్డ కోసం ఆ దారే పట్టాను.

తమ్ముడి లెక్కలో ఆ బిడ్డ కొడుకు. తాను ఆడపిల్లనని పదిహేనో ఏట నాకొక్కదానికే చెప్పింది. జుట్టు పెంచుకుంటుంటే తండ్రి కత్తెర పట్టుకుని తిరుగుతున్నాడు. కొండదేవత కలలోకొచ్చి పిల్లవాడి వెంట్రుకలు తనకు మొక్కుకోమందని చెప్పాను. కత్తెర అటకెక్కింది. బళ్లో పంతుళ్లు కూడా మొక్కు జుట్టని ఊరుకున్నారు. ఆ పిల్ల మా ఇంటికొచ్చి, తలుపేసి, జడ వేయించుకునేది. అద్దంలో చూసుకుని, విప్పేసి పోయేది.

ఒకనాడు రాచర్లలో ఎవడో, "ఏం మామా, కొడుక్కి పెండ్లికొడుకును చూడమంటావా?" అన్నాడట. తమ్ముడు ఇంటికొచ్చి, "ఈ ఆదివారమే మొక్కు తీర్చేస్తా" అన్నాడు.

"ఇంకో రెండేళ్లు ఆగమంది దేవత" అన్నాను.

"నీ దేవత కూడా నీ మాదిరే మాట మారుస్తాదేందక్కా?"

గుండు చేస్తుంటే ఆ పిల్ల ఏడవలేదు. ఆ తర్వాత బడికి పోలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. ఒక మధ్యాహ్నం సంగటి ముద్ద పట్టుకుని పక్కన కూర్చుంటే, "అత్తా, నేను లేకుంటే నాయన తలెత్తుకుని తిరుగుతాడు గదా" అంది.

నేరుగా తమ్ముడి దగ్గరికి పోయాను. కల లేదనీ, మొక్కు లేదనీ, వాడు కన్నది కూతురనీ, ఆ బిడ్డ చావు మాట మాట్లాడుతోందనీ చెప్పాను. మేకలకు కొమ్మలు వేస్తూ విన్నాడు.

"దీనికన్నా చేప కతే మేలక్కా" అన్నాడు.

నిజం చెల్లలేదు. గుండు మీద పుండ్లు లేచాయని కల్పించి, మార్కాపురంలో చూపించాలన్నాను. వెంటనే ఒప్పుకున్నాడు.

బస్సులో నా పైటకొంగు ఆ పిల్ల తలమీద కప్పాను. మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పోతున్నామని చెప్పాను.

"ఆమెకు కూడా కత చెప్తావా?"

"నేనేం చెప్పను. నువ్వే ఉన్నదున్నట్టు చెప్పాల. నేను పక్కనే ఉంటా."

కంభం రాగానే అలవాటు కొద్దీ చేప కథ ఎత్తుకున్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

"నడిమి నుంచి ఎట్ల తిరిగొచ్చినావు?" అనడిగింది.

ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట.

"ఇంటికి పోయేటప్పుడు చెప్తా" అని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.