కొంగు గుర్తు

గవర్నర్‌పేటలో నేను మ్యాట్నీకి వెళ్లే సినిమా హాల్లో, ఆడవాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు చింపే పెద్దావిడ ఒకామె ఉండేది. లోపల పిల్లలు ఏడిస్తే తనే ఎత్తుకుని వరండాలో తిప్పేది. ఎత్తుకునే ముందు తల్లి కొంగు రెండు వేళ్లతో పట్టి చూసేది.

"మొహాలు గుర్తుండవమ్మా నాకు. చీరైతే మర్చిపోను. మీరెళ్లి కూర్చోండి."

నెలల పిల్లతో నిద్రలేని నాకు వారమంతటిలో ఊపిరాడేది ఆ కాసేపే.

ఒకరోజు ఆట వదిలాక ఆమె చేతిలో ఒక పసివాడు మిగిలిపోయాడు. బయటికొచ్చే ప్రతి కొంగూ పట్టి చూసింది.

"నీలం చీరమ్మా, తెల్ల చుక్కలు. ఎవరైనా చూశారా?"

"చీర మార్చుకోడానికి వెళ్లిందేమోలే," అని ఎవరో నవ్వారు.

"ఊరుకోండమ్మా. తల్లి కదా, వస్తుంది."

ఫస్ట్ షో మొదలైనా ఎవరూ రాలేదు. చివరికి పోలీసులొచ్చి పసివాణ్ణి తీసుకెళ్లారు.

తర్వాతి వారం లోపల ఎంతమంది పిల్లలు ఏడ్చినా ఆమె స్టూలు మీంచి లేవలేదు. నా పిల్లను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఆ తల్లిని అందరూ తిట్టారు. నాకు మాత్రం నోరు రాలేదు. ఆట అయ్యాక పిల్లను తీసుకోవడానికి నా కాళ్లూ కదలని రోజులున్నాయి. నాకూ ఒక నీలం చీర ఉంది. అది కట్టుకుని ఆ పెద్దావిడ ఎదుటికి వెళ్లే ధైర్యం లేదు.