ఘాట్ రోడ్డు మీద విన్న అమెరికా కథ

తొంభైల్లో, కొత్తగా టీచరుద్యోగం వచ్చి, వానాకాలంలో ముంచింగిపుట్టు బస్సెక్కాను. పాడేరు ఘాట్‌లో ఓ మలుపు దగ్గర కొండచరియ విరిగిపడింది. డ్రైవరు బ్రేకు వేస్తే బస్సు జారి, వెనక చక్రం లోయ అంచున ఆగింది. దిగే తలుపూ లోయ వైపే.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు డ్రైవరు.

నాకు ఏడుపొచ్చేసింది. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ, మిషన్ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైనావిడ, నా చెయ్యి పట్టుకుంది.

"కిటికీలోంచి సూడకు గుంటా. నాకేసి సూడు. మా బడి లైబ్రరీలో ఓ పుస్తకముండీది, అది రాసినావిడ కథ సెప్తాను."

పూర్వం అమెరికాలో ఆ రచయిత్రి పిల్లల నవలలు రాసేదట. భర్త పోయాక పగలంతా బట్టలు కుట్టి, వంటింటి బల్ల మీద రాసుకునేదట. ఓ చలికాలం చిన్నకూతురు జ్వరంతో పోయింది. తర్వాతి నవలలో ఆ కూతురి పేరే ఉన్న పిల్ల మంచులో దారి తప్పుతుంది.

"చచ్చిపోతుందా?" అన్నాను.

"లేదమ్మా. ఆవిడికి సేతులు రాలేదు. ఆ పిల్లని ఇంటికి సేర్చీసింది."

అంతలో వెనకొచ్చిన లారీవాళ్లు మోకు కట్టి బస్సుని రోడ్డు మీదికి లాగారు. కిందికి దిగాక అడిగాను, "మీకు భయం వెయ్యలేదా?"

"ఏటలాగంటావు? గుండాగిపోనాదనుకున్నాను. భయమేస్తే నాను ఊరుకోలేనమ్మా, ఎవలికో కథ సెప్పాల."

ఆవిడ జాకెట్టు చెమటకి తడిసి వీపుకి అతుక్కుపోయి ఉంది.

పేరు అడగాలని తోచలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో, బెదిరిపోయిన పిల్లలెవరితోనూ నేను 'భయపడకు' అనలేదు. పక్కన కూర్చుని, 'నాక్కూడా భయమే' అని చెప్పాను.