ఓర్లీన్ ఆంటీ పరుపు

చలి ముదిరిన రోజుల్లో, పడుకునే ముందు, ఓర్లీన్ ఆంటీ పై వాటాలోంచి చీపురు కర్రతో నేలమీద మూడుసార్లు కొట్టేది. కింది వాటాలో ఉన్న మేమూ తనలాగే వంటింటి కుళాయిని చుక్కలు పడేట్టు వదలాలని దానర్థం. వదలకపోతే తెల్లారేసరికి గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి.

"ఇల్లు ప్రూయిట్‌ది. దిగులు ఈవిడది" అని అమ్మమ్మ దుప్పట్లోంచి సణిగేది. నేను లేచి కుళాయి వదిలి వచ్చేదాన్ని.

నేను పుట్టకముందు నుంచీ ఆంటీ ఆ పై వాటాలోనే ఉంది. బడి వంటశాలలో పని. మా వీధిలో ఆమె చేతి మొక్కజొన్న రొట్టె తినకుండా పెరిగినవాడు లేడు. ఆదివారాలు చర్చి గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుని, తెల్ల చేతితొడుగులు వేసుకుని నిలబడేది. వచ్చినవాళ్ళను వరసల్లో కూర్చోబెట్టడం, ఏడ్చేవాళ్ళకు విసనకర్ర అందించడం ఆమె పని. తను మాత్రం కూర్చునేది కాదు. అమ్మమ్మకు జబ్బు చేసి నేను బడి మానేసినప్పుడు వీధంతా వచ్చి సలహాలు చెప్పింది. ఆంటీ ఒక్కతే ఏమీ అనకుండా గిన్నెడు ఉడికించిన ఆకుకూర పెట్టి వెళ్ళింది.

కిందటేడు చలికాలం చివర్లో బస్సు దిగుతూ మంచుమీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. గరిటె పట్టలేని మనిషికి వంటశాలలో ఏం పని? జీతం ఆగింది, దాని వెనకే అద్దె ఆగింది. ఎండలు ముదిరేసరికి కోర్టు కాగితం వచ్చింది.

ఆమెకు తోడుగా నేనూ వెళ్ళాను. ఆ రోజు కూడా టోపీ, తెల్ల చేతితొడుగులు. వరండా నిండా మాలాంటివాళ్ళే. చంటిపిల్లతో నిలబడ్డ ఒకమ్మాయిని బల్ల చివర ఖాళీ చూపించి కూర్చోబెట్టింది. కర్రతో వచ్చిన తాతకు దారి ఇప్పించింది. ఒకతను ఆమెను కోర్టు ఉద్యోగి అనుకుని, "అమ్మా, జడ్జిగారు వచ్చారా?" అని అడిగాడు.

"ఇంకా రాలేదు నాయనా. టోపీ తియ్యి" అంది ఆంటీ.

మమ్మల్ని జడ్జి దగ్గరికి కాక ముందు పక్కగదిలోకి పిలిచారు. అద్దె బాకీపడ్డవాళ్ళకూ ఇంటివాళ్ళకూ రాజీ కుదిర్చే గది అది. మధ్యలో నోవాక్ అనే పెద్దాయన, ఎదురుగా ప్రూయిట్.

"ఆవిడ మంచి మనిషేనండీ" అన్నాడు ప్రూయిట్. "కానీ ఆ మంచితనం పట్టుకెళ్ళి ఇంటిపన్ను కట్టలేను కదా."

"బాకీ మొత్తం మేం ఇప్పించేట్టయితే ఉండనిస్తారా?" అని అడిగాడు నోవాక్.

"ఇప్పిస్తే ఉండనిస్తా. నాకేం పగ?"

నోవాక్ ఆంటీ వైపు తిరిగాడు. "చూడండమ్మా, అద్దె సాయానికి దరఖాస్తు పైకి వెళ్ళాలి. కొన్ని వారాలు పట్టొచ్చు. రాకపోనూవచ్చు, మాట ఇవ్వలేను. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇల్లు వదలొద్దు, తాళాలు ఇవ్వొద్దు. ఇంట్లో ఉన్నవాళ్ళకే ఈ సాయం."

"మంచిది సార్" అంది ఆంటీ. ఆమె ఫోన్ అప్పటికే కట్టయింది కాబట్టి మా నంబరు ఇచ్చాం.

తర్వాత ఎదురుచూడటమే మిగిలింది. ఆంటీ మా వంటింట్లో కూర్చుని నా ఫోన్ వైపు చూసేది, చూడనట్టు. నోవాక్ ఆఫీసుకు మేం ఫోన్ చేస్తే మెషీన్ మాట్లాడేది. వాయిదా దగ్గరపడుతోంది.

అప్పుడు ఎదురింటివాళ్ళను ఖాళీ చేయించారు. కోర్టు మనుషులు వచ్చి సామానంతా బయట గడ్డిలో పడేశారు. సన్నగా వాన. సోఫా, పిల్లల బట్టలు, పక్క తడిపిన మరకలున్న పరుపు. గంట తిరక్కుండా పాతసామాన్ల లారీలు చేరాయి. మా వీధివాళ్ళే కొందరు సంచులు తెచ్చుకున్నారు. ఒకడు ఆ పరుపుమీద కూర్చుని ఎగిరి చూసి, "కంపు కొడుతోంది రోయ్" అని నవ్వాడు.

ఆంటీ పైకిటికీలోంచి ఇదంతా చూసింది. సాయంత్రం కిందికి వచ్చి, నిలబడే చెప్పింది. "నా చిన్నప్పుడు మా అమ్మ పరుపు ఇలాగే వీధిలో పడింది. మర్నాడు బడిలో ఒక పిల్ల నా దగ్గరికొచ్చి, మీ అమ్మ పరుపుమీద మరకలేంటే అని అడిగింది. నా పరుపు ఎవడూ చూడడు."

"వెళ్ళొద్దన్నాడు కదా ఆంటీ ఆయన" అన్నాను. నాకు గొంతు పెద్దగా రాదు.

"ఆయన పరుపు వీధిలో పడదు కదా, పిల్లా."

అమ్మమ్మ కోప్పడింది. "పిచ్చిదానా, వాళ్ళు గెంటకముందే నిన్ను నువ్వు గెంటుకుంటావా?"

"గెంటించుకోను. నడిచి వెళ్తాను."

శనివారం పొద్దున్నే, వీధి ఇంకా లేవకముందు, చర్చి మగవాళ్ళు బండి తెచ్చారు. పరుపుకు పువ్వుల దుప్పటి చుట్టి తాళ్ళు కట్టించింది. బండి నిండాక మళ్ళీ పైకెళ్ళింది. ఎందుకో అని వెళ్ళి చూస్తే, ఆ విరిగిన చేత్తోనే, మోకాళ్ళమీద కూర్చుని పొయ్యి లోపల తోముతోంది.

"వాడికోసం కాదులే" అంది నా మొహం చూసి. "ఓర్లీన్ మురికి వదిలి పోయిందనిపించుకోను."

తాళాలు కవర్లో పెట్టి ప్రూయిట్ ఆఫీసు తలుపుకింద నుంచి తోసి, ఊరికి అటుచివర ఉన్న మేనకోడలి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి బుధవారం నోవాక్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆడగొంతు, మెత్తగా ఉంది. "ఓర్లీన్ గారికి మంజూరైందండీ. బాకీ మొత్తం. పైనే ఉన్నారా?"

"వచ్చేస్తారు" అన్నాను.

"అంటే?"

"మేనకోడలి ఇంట్లో ఉన్నారు" అన్నాను.

"తాళాలు ఇచ్చేశారా అమ్మా?"

ఇచ్చేసిందన్నాను. అబద్ధమాడినా నిలవదు, తాళాలు ప్రూయిట్ చేతిలోనే ఉన్నాయి. ఇంటివాడు మళ్ళీ ఒప్పుకుంటే చూస్తామంది ఆవిడ. ఆంటీ మేనకోడలి ఫోన్‌లోంచి ప్రూయిట్‌ను అడిగింది. అలా అడగడానికి ఆమె ఎంత తగ్గాల్సివచ్చిందో నాకు తెలుసు.

"నేను పొమ్మన్నానా ఓర్లీన్? నువ్వే పోయావు" అన్నాడట. "బాగుచేయించి ఎక్కువకిస్తా."

బాగుచేయించనూలేదు, ఎవరికీ ఇవ్వనూలేదు. పై వాటా ఖాళీగానే ఉండిపోయింది. ఆంటీని చూడ్డానికి వెళ్తే సోఫామీద పడుకుని ఉంది. పరుపు వేసే చోటు లేక నడవాలో గోడకు నిలబెట్టారు, ఆ పువ్వుల దుప్పటితోనే. "ఇప్పుడెవరున్నారే పైన? మెట్లు ఊడుస్తున్నారా?" అని అడిగింది. ఎవరూ లేరని చెప్పాను. ఆమె గోడవైపు తిరిగింది.

జనవరిలో చలి విరుచుకుపడింది. మా కుళాయి నేను వదిలే ఉంచాను. పైన వదిలేవాళ్ళు లేరు, హీటరు కూడా లేదు. గొట్టం పగిలి, మా వంటింటి కప్పు ఉబ్బి, పొద్దున కాఫీ పెట్టుకునే వేళకు ఊడి పొయ్యిమీద పడింది. నీళ్ళు ధారకట్టాయి.

ప్రూయిట్ పరుగున వచ్చాడు. నడుంమీద చేతులు పెట్టుకుని పైకి చూశాడు.

"ఓర్లీన్ ఉండుంటే కుళాయి వదిలి ఉండేది" అన్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు అన్నాడు.

అమ్మమ్మ ఆయన వంక చూసి, దుప్పటి కప్పుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

కింద పెట్టిన బకెట్ నిండిపోతోంది. ఆయన ప్యాంటు మడుచుకుంటూ, "ఇంకో బకెట్ ఉందా, అమ్మాయ్?" అని అడిగాడు.

ఉంది. లేదన్నాను.