గాజుకు అచ్చు వెతికిన డ్రాయింగు మాస్టరు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను బత్తలపల్లె దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుని. ఒక వేసవిలో బెంగళూరు వెళ్ళి పది రోజులు గాజు పోతపని నేర్చుకున్నాను. పదకొండో రోజు నుంచే నేను గాజు కళాకారుడినని అందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టాను. పాత కరెంటు కొలిమి ఒకటి సంపాదించి ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాను. పగిలిన గోలీసోడా సీసాల పెంకుల్ని అచ్చులో పోసి, కరిగించి, ఆకుపచ్చ గిన్నెలు తీయాలని నా ఆశ.

అచ్చు దేనితో చేయాలన్నదే ఈ పనిలో అసలు పాఠం. బెంగళూరులో ఒక పూటంతా దాని గురించే చెప్పారు. నేను నోటుపుస్తకంలో రాసుకుని కింద రెండేసి గీతలు కూడా గీశాను. గీతలు బాగా గీస్తాను, నా ఉద్యోగమే అది. రాసుకున్నది మాత్రం మళ్ళీ చదవలేదు.

మొదట జింకు పూత ఉన్న పాత బకెట్టు అడుగు కోసి, అదే అచ్చు అన్నాను. ఇనుము కరగదు కదా అని ధీమా. కొలిమి ఎర్రబడ్డాక మూత సందుల్లోంచి తెల్లటి పొగ వచ్చింది. బయటికి పోకుండా, ముక్కు దగ్గరగా పెట్టి మరీ చూశాను. సాయంత్రానికి నోట్లో తగరం నాకినట్టు రుచి, ఒళ్ళంతా వణుకు. మా ఆవిడ రెండు కంబళ్ళు కప్పింది. మలేరియా అనుకుని మాత్రలు మింగాను. మర్నాటికి దానంతటదే తగ్గింది. బస్టాండు దగ్గర వెల్డింగు చేసే ఆయనకు ఈ సంగతి చెప్తే నవ్వలేదు.

"జీఐ రేకు కాల్చినావా సార్? ఆ పొగ పీలిస్తే చలిజరం వస్తాదని మా పనోళ్ళందరికీ తెలుసు. ఇంగోసారి అట్ల చేసినావంటే మనిషివి దక్కవు."

ఇంటికొచ్చి నోటుపుస్తకం తెరిచాను. మొదటి వాక్యమే అది: జింకు పూత ఉన్నదేదీ కొలిమిలో పెట్టరాదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో పలుగురాయి పిండి కలిపి అచ్చు పోయవచ్చని కూడా అందులో ఉంది. రాళ్ళు పిండికొట్టే క్రషర్ నుంచి ఒక బస్తా పిండి తెచ్చి, వరండాలో జల్లెడ పట్టసాగాను. బెంగళూరులో ఇచ్చిన మాస్కు వచ్చిపోయేవాళ్ళకు కనబడేలా గోడ మేకుకు వేలాడుతోంది. కుండలమ్మే అవ్వ ఒకామె నీళ్ళకని వచ్చి, తెల్లబడిన నా మీసాలు చూసి ఆగింది.

"ఏమప్పా, యాడిది ఆ పిండి?"

"పలుగురాయిది అవ్వా. గాజుకు అచ్చు చేస్తాండా."

ఆమె తట్ట దించి, జల్లెడ నా చేతిలోంచి లాక్కుంది.

"వానల్లేక, కుండలు పోక, మా ఇంటాయన క్రషర్ కాడికి పోయినాడు. మూడేండ్లు ఈ పిండిలోనే ఉన్నాడు. కడాకు నాలుగడుగులు ఏస్తే ఊపిరి ఆడేది కాదు. దగ్గి దగ్గి పోయినాడు. సదువుకున్నోనివి, నీకేమొచ్చె?"

మేకుకున్న మాస్కు వైపు చూడటానికి సిగ్గేసింది. పిండి మీద నీళ్ళు చల్లి, ముద్ద చేసి, పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశాను.

వారం తర్వాత ఆమే ఒక మూకుడు తెచ్చింది. అంచులు వాలుగా ఉన్న కాల్చిన మట్టి మూకుడు.

"ఇది నిప్పుకు బెదరదు. తడి లేకుండా ఎండబెట్టు, పచ్చిది పెడితే పగుల్తాది."

నోటుపుస్తకంలోనూ అదే ఉంది. గాజు అంటుకోకుండా లోపల తెల్లమట్టి నీళ్ళు మూడుసార్లు పూసి, రెండు రోజులు ఎండలో పెట్టాను. ఆపైన సీసా పెంకులు పోసి కొలిమిలో కరిగించాను. కొలిమి ఆపాక గాజు నిదానంగా చల్లారాలి. తొందరపడి మూత తీస్తానేమోనని నా మీద నాకే నమ్మకం లేక షెడ్డు తాళంచెవి మా ఆవిడకిచ్చాను. రెండు రోజులు ఎంత బతిమాలినా ఆమె ఇవ్వలేదు.

గిన్నె వచ్చింది. కాస్త వంకర, నిండా బుడగలు, కానీ పగల్లేదు. పట్టుకెళ్ళి అవ్వకు చూపించి, నేనే చేశానని గొప్పగా చెప్పాను. ఆమె బోర్లించి, అడుగున మూకుడు నుంచి గాజులోకి దిగిన గుర్తు తడిమింది.

"ఈ బొటనేలు నాది కదప్పా."

"నీదే అవ్వా. గిన్నె నువ్వే పెట్టుకో. అన్నం మాత్రం పెట్టొద్దు, బుడగ పగిలితే గాజునలుసు పడతాది."

మరో నాలుగు మూకుళ్ళ కోసం వెళ్ళినప్పుడు చూస్తే గిన్నె నిండా తమలపాకులు, వక్కలు ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"అన్నం పెట్టొద్దంటివి గానీ, వక్కాకు పెట్టొద్దంటివా?"