వంటింటి స్విచ్చి

మా పిన్ని పోయిందని మొన్న ఆదివారం పొద్దున్నే ఫోనొచ్చింది. నిద్రలోనే పోయిందట. గోపన్‌పల్లిలో కొడుకు ఫ్లాటుకు నేను వెళ్లేసరికి హాలు నిండా చుట్టాలు. పిన్ని గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. ఎప్పుడో పోయిన బాబాయి గురించి, ఆయన తయారుచేసిన కరెంటు బోర్డు గురించి మాట్లాడుతున్నారు. పిన్ని మనవడు ఇళ్లలో దీపాలు వాటంతటవే వెలిగే ఏర్పాట్లు చేసే కంపెనీలో ఉద్యోగి. "తాతయ్య ఆ రోజుల్లోనే ఎంత ఆలోచించాడు అత్తయ్యా. ఇల్లంతటికీ ఒకే కంట్రోలరు పెట్టాలా, గదికొక చిన్నది పెట్టాలా అని మేమిప్పటికీ వాదించుకుంటున్నాం. ఆయన డెబ్బైల్లోనే రెండూ చేసిచూసి, గదికొకటే మేలని తేల్చేశాడు" అన్నాడు. తేల్చింది ఆయన కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పట్లో మదీనాగూడ అంటే బొంబాయి రోడ్డు పక్కన పొలాలు, అక్కడక్కడా కొత్త ఇళ్లు. కోస్తా నుంచి వచ్చిన బాబాయి ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేస్తూ అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. నేను కొత్తగా టీచరుద్యోగంలో చేరి వాళ్లింట్లోనే ఉండేదాన్ని. ఆ ఇంట్లో ఏ గదిలోనూ స్విచ్చి లేదు. అన్ని గదుల వైర్లూ హాల్లో ఆయన పడక్కుర్చీ పక్కనున్న చెక్క బీరువాలోని బోర్డుకు వచ్చేవి. లోపల, తుక్కులో కొన్న పాత టెలిఫోను రిలేలు కరెంటును కలుపుతూ, తెంపుతూ టకటకలాడేవి. ఎక్కడ దీపం వెలగాలన్నా ఆయన మీట నొక్కాల్సిందే. "ఇంటికి బుర్ర ఒక్కచోటే ఉండాలి. గదిగదికీ ఉంటే గందరగోళం" అనేవాడు. ఆ బుర్ర ఎవరిదో చెప్పనక్కర్లేదు. చూడ్డానికొచ్చిన మగవాళ్లు ఆహా ఓహో అని తలలూపి, పిన్ని ఇచ్చిన కాఫీ తాగి, ఇళ్లకు పోయి ఎవరి స్విచ్చి వాళ్లు వేసుకునేవారు.

పిన్నికి వంటింట్లో దీపం కావాలంటే హాల్లోకి కేకెయ్యాలి. ఆయన పేపరు చదువుతుంటే మళ్లీ కేకెయ్యాలి. ఆయన హాలు కిటికీలోంచి ఆకాశం చూసి, "ఇంకా వెలుతురుందిగా" అని తీర్పు చెప్పేవాడు. వంటింట్లో వెలుతురెంతుందో హాలు కిటికీలోంచి చూసి తెలుసుకునే మేధావి మరి. పిన్ని కూర తరుగుతూ నాతో, "తెలివుంటే సరిపోదే, అది పక్క గదిదాకా నడిచి రావాలి" అనేది. అని, చిన్నగా కూనిరాగం తీసేది. బాగా ఒళ్లు మండినప్పుడే ఆవిడ కూనిరాగం తీసేది.

అంతటితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతాడు. వంట ఒక వేళకు ముగియాలని ఆ బీరువాకు గడియారం తగిలించాడు. వేళ కాగానే వంటింటి దీపం దానంతటదే ఆరిపోతుంది. మొదటి రోజే, పిన్ని గంజి వారుస్తుండగా ఆరింది. వేడి గంజి ముంజేతి మీద ఒలికింది. నేను చన్నీళ్లు పోస్తుంటే బాబాయి గుమ్మంలో నిలబడి, "గడియారం సరిగ్గానే పనిచేసిందన్నమాట" అన్నాడు. అప్పుడు ఆయన మీద కలిగిన అసహ్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మర్నాడు పిన్ని వంటింటి బల్బు విప్పి పప్పుడబ్బాలో పెట్టి, లాంతరు వెలిగించుకుంది.

పాలు పోసే ఆమె అది చూసి, "కరెంటున్న ఇంట్ల గీ కందిలేందమ్మా?" అంది.

"కరెంటు ఆయనది. లాంతరు నాది" అంది పిన్ని.

"ఇగ పొయ్యి గుడ సారునే అంటుపెట్టుమను. జర తెలుస్తది."

కొన్నాళ్లకు ఫ్యాక్టరీలో పెద్ద ఆఫీసరొకాయన భార్యను వెంటబెట్టుకుని బోర్డు చూడ్డానికి వచ్చాడు. బాబాయి కొత్త చొక్కా వేసుకుని మీటలు నొక్కాడు. వరండా వెలిగింది. పడగ్గది వెలిగింది. "ఇక వంటిల్లు" అని నొక్కాడు. రిలే టక్కుమంది గానీ దీపం రాలేదు. మళ్లీ మళ్లీ నొక్కాడు. పిన్ని లాంతరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"బల్బు నా దగ్గరుందండి. స్విచ్చి కూడా నా దగ్గరికొస్తే పెట్టుకుంటాను" అంది.

ఆఫీసరు భార్య ఆ వెలుగులో పిన్ని ముంజేతి మీద మచ్చ చూసి, "ఇదేమిటండీ" అని అడిగింది.

"మీరు చూడ్డానికొచ్చింది ఇదేనండి" అంది పిన్ని.

ఆ వారంలోనే బాబాయి తన చేత్తోనే వంటింట్లో స్విచ్చి బిగించాడు. స్టూలు పట్టుకోమంటే పిన్ని, "ఎసరు పెట్టానండి" అంది. బిగిస్తున్నంతసేపూ మొత్తం పద్ధతి పాడైపోతోందని ఆయన గొణుగుతూనే ఉన్నాడు. తర్వాత మిగతా గదులకూ ఒక్కొక్కటిగా స్విచ్చులొచ్చాయి. ఖాళీ అయిన బీరువాలో పిన్ని ఊరగాయ జాడీలు పెట్టుకుంది. మొన్న హాల్లో కూర్చున్న చుట్టాలెవరికీ ఆ జాడీలు గుర్తులేవు.

కేకెయ్యకుండా, ఏడవకుండా నాది నాకిమ్మని అడగడం నేను పిన్ని దగ్గరే నేర్చుకున్నాను. నా సంసారంలో అది చాలాసార్లు నన్ను నిలబెట్టింది. ఆవిడకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

స్విచ్చి పెట్టిన రోజు సాయంత్రం, వంట పూర్తయ్యాక, పిన్ని స్విచ్చి నొక్కి దీపం తీసేసి పీట మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. హాల్లో మాత్రం దీపం వెలుగుతోంది.

"వంటింట్లో కరెంటు పోయిందా?" అని అక్కణ్నించి బాబాయి అడిగాడు.

"లేదండి, నేనే తీసేశాను" అంది పిన్ని.

పిన్ని కాళ్లు చాపుకుని, గోడకు చేరగిలబడి, ఆ చీకట్లో హాయిగా కూర్చుంది.