నూట పన్నెండో గడి

మా ఆయన బొమ్మ రైళ్లు బాగుచేస్తారు. చెట్టంత మనిషి రోజంతా వేలెడంత ఇంజన్ల మీద వంగి కూర్చుంటారు. నడుం పట్టేది ఆయనకి, మందు రాసేది నేను. ఇంజన్ కడుపులో గోరంత పలక ఒకటి ఉంటుంది, డీకోడర్ అంటారు. దానిలో వరస నంబర్లతో గడులు. ఏ గడిలో ఏ అంకె వేస్తే ఇంజన్ దాని ప్రకారం నడుస్తుంది. మొదటి గడులు అన్ని కంపెనీలకీ దాదాపు ఒకటే. పై గడులు మాత్రం ఎవరిష్టం వాళ్లది.

ఈ విద్య నేర్పింది మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య. ఆయనకో పచ్చ ఇంజన్ ఉంది. పన్నెండేళ్లు అంకెలు మార్చి మార్చి దానికి నడక నేర్పారు. ముందు చిన్నగా నిట్టూర్చి, నిద్ర చాలని మనిషిలా బద్ధకంగా కదిలేది. "ఎక్కడైనా రాసిపెట్టు అన్నయ్యా" అంటే, "నా బుర్రలో ఉన్నాయిలేరా" అనేవారు.

కిందటేడు బావగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాటల్లో "సరే" ఒక్కటే మిగిలింది. అన్నం పెట్టనా? సరే. నొప్పిగా ఉందా? సరే. పొద్దున్నే కిటికీ పక్క బల్లమీద ఆ ఇంజన్ కదిలితే మాత్రం ముఖం విప్పారేది. ఆయనకు మిగిలిన సంతోషం అదొక్కటే.

వణికే ఎడమచేత్తో ఏ మీటో నొక్కి అంకెలు చెడగొట్టుకుంటారని మా ఆయనకు భయం పట్టుకుంది. అంకెలు మారకుండా తాళం వేద్దామనుకున్నారు. రోజూ తన చేతికొచ్చే డీకోడర్లలో నూట పన్నెండో గడిలో ఒకటి అంకె వేస్తే తాళం పడుతుంది. వేశారు. ఈ పచ్చ ఇంజన్‌లో పలక వేరే కంపెనీది. దీనిలో అదే గడి, అదే అంకె, ఉన్నవన్నీ చెరిపేస్తుంది. అలవాటులో పొరపాటు.

ఇంజన్ ఒక్క గెంతు గెంతి దౌడు తీసింది. బావగారు తమ్ముడి వైపు చూశారు.

"నేనే చెరిపేశాను అన్నయ్యా. తిట్టు నన్ను."

"సరే."

నెలరోజులుగా మా ఆయన అంకెలు వేస్తూనే ఉన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నిట్టూర్పు వస్తే ఆ బద్ధకం రాదు. "ఇలాగేనా అన్నయ్యా?" "సరే." "పోనీ, ఇలాగా?" "సరే." నాకు ఒళ్లు మండిపోయి, "ఇంక ఆపండి, ఆయన ప్రాణం తోడేస్తున్నారు" అని అరిచాను. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి నేనే ఏడ్చాను.

ఈ పొద్దున కూడా ఇంజన్ కదిలింది. "ఇదేనా?" అన్నారు మా ఆయన.

బావగారు కిటికీలోంచి వీధివైపు చూస్తూ సరే అన్నారు.